మూడింటిలో పేరు చూపించేది

"ఫోన్ ఇట్టియ్యి" అన్నాడు శ్రీకృష్ణ.

సుకన్య ఇవ్వలేదు. ఒళ్లో రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది.

"ఇయ్యక్కా. ఇంకేం పోస్టులు పెట్టిపెట్టినావో చూస్తా. మన నలభై ఎనిమిది గొర్రెలూ పోయినాయి. మిగిలినోళ్ల మందలన్నా మిగలనీ."

"ఏం లేవురా. వరసలో పెట్టినవన్నీ బుధవారమే తీసేసినా."

"బుధవారం తీసినావు! పోయింది మంగళవారం. ఆ పని సోమవారం చేసుంటే నీకు దండం పెట్టుండేవాణ్ణి."

"నోళ్లు ముయ్యండి ఇద్దరూ" అంది తల్లి దేవకమ్మ పొయ్యి దగ్గర నుంచి. "ఆయన పండుకోనుండాడు."

మునెయ్య పడుకోలేదు. వసారాలో మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు, అంతే. కలువాయి నుంచి కొడుకు తన లగేజీ ఆటోలో తీసుకొచ్చి దించిన దగ్గర్నుంచీ ఆ గోడవైపే ఉన్నాడు. అప్పుడు ఆటోలోంచి దిగినవి ఒక కంబళి, ఒక కర్ర, ఒక బుట్ట. బుట్టలో వారం రోజుల గొర్రెపిల్లలు రెండు. చేలో మంచం కింద బోర్లించిన ఆ బుట్టను దొంగలు చూసుకోలేదు.

ఆ రెండు పిల్లలకూ పక్కింటివాళ్లు అడగకముందే మేకపాలు పంపిస్తున్నారు. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు. గ్లాసు గడప మీద పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోతున్నారు. ఈ మూడు రోజుల్లో ఈ ఇంటికి జరిగిన మంచి అదొక్కటే.

"చేను పేరు రాసినావు" శ్రీకృష్ణ ఆపలేదు. గొంతు మాత్రం తగ్గించాడు. "రైతు పేరు రాసినావు. ఎన్ని రాత్రుళ్లో రాసినావు. దారి తప్పకుండా లొకేషన్ కూడా పెట్టినావు. కుక్క ఒక్కటే ఉండాదని కూడా రాసుంటే సరిపొయ్యేది."

"సంఘం పెట్టమంటేనే గదరా పెట్టినా."

"సంఘంలో పోస్టులు పెట్టేది ఎవురు? నువ్వే గదా!"

సుకన్య ఫోన్‌ను ఒళ్లో బోర్లించింది. కాపర్ల సంఘంలో ఫోన్ పని చేసేది తనొక్కతే. కోతలయ్యాక రైతులు తమ చేలల్లో రాత్రిళ్లు గొర్రెల మందను కట్టించుకుంటారు. ఎరువు చేనుకు, కూలి కాపరికి. ఏ వారం ఎవరి మంద ఏ ఊళ్లో ఉంటుందో తెలిస్తే పక్క రైతు కూడా పిలుస్తాడని, రెండేళ్లుగా సంఘం పేజీలో ఆదివారం సాయంత్రం ఆ పట్టిక పెడుతున్నారు. మాఘమాసంలో ఒక ఆదివారం సుకన్యకు జ్వరం వచ్చి పట్టిక పెట్టలేదు. ఆ వారం రెండు మందలకు పిలుపు రాలేదు. మనిషి మీద ఆధారపడితే ఇట్లాగే ఉంటుందని, తనంతట తాను టైముకు పోస్టు పెట్టే సాఫ్ట్‌వేర్ ఒకటి చూడమన్నారు. సుకన్య మూడింటిని నెలరోజుల ట్రయల్‌కు తీసుకుంది. మూడింటికీ పేజీని కలిపింది. ఒకదానిలో ఆరు వారాల పట్టికలు ఒకేసారి ఎక్కించి పెట్టింది.

పోయిన ఆదివారం రాత్రి ఎనిమిదింటికి, ఎవరూ ముట్టుకోకుండానే, నాయన మంద పోస్టు దానంతటది వెళ్లిపోయింది.

ఒళ్లో ఫోన్ మోగింది. సంఘం అధ్యక్షుడు రామనారాయణ.

"సుకన్యమ్మా, పదకొండుకు ఆఫీసుకు రా. ఆ మూడూ ఏందేందో అందరికీ చెప్పాల. శ్రీకృష్ణను కూడా తోడుకోనిరా."

"నాయన?"

"నాయన్ను కదిలియ్యొద్దులే తల్లీ."

ఆ ఒక్క మాటకు సుకన్య కళ్లు నిండాయి. తమ్ముడు చూడకుండా ముఖం తిప్పుకుంది.

* * *

ఉదయగిరి బస్టాండు వెనక, పురుగుమందుల కొట్టు మీద గది సంఘం ఆఫీసు. తొమ్మిదిమంది కాపర్లు గోడ చుట్టూ కూర్చున్నారు. మూల బల్ల మీద కంప్యూటర్‌కు తువ్వాలు కప్పి ఉంది. చైత్రంలో పడిన పిడుగుకు అది పోయింది. బాగుచేయిద్దామని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నారు.

"చెప్పమ్మా" అన్నాడు రామనారాయణ. "మొదటిది ఏంది?"

"మొదటిది ఊరికే వస్తాది పెదనాయనా. పది పోస్టులు ముందే పెట్టుకోవచ్చు. ఎంతమంది చూసినారో అంకె చూపిస్తాది. రెండోది నెలనెలా కట్టాల. ఏ రోజు, ఏ టైములో పెడితే ఎక్కువమంది చూస్తారో అదే చెప్తాది. ఆదివారం ఎనిమిదింటికని చెప్పింది అదే."

"మూడోది?"

"మూడోది ఇంకా ఎక్కువ. మన పోస్టు ఏడేడికి పాకిందో చెప్తాది. రేపటితో దాని ట్రయల్ అయిపోతాది. డబ్బు కట్టకపోతే పాత లెక్కలన్నీ తుడిచేస్తాది."

రామనారాయణ తల ఊపాడు.

"అదంతా సరేగానీ తల్లీ. ఈ మూడిట్లో దొంగను చూపించేది ఏది?"

గదిలో అందరూ ఆమెవైపు చూశారు. వాళ్లలో ముగ్గురు పొద్దున మొదటి బస్సుకు ఈ మాట వినడానికే వచ్చారని సుకన్యకు అప్పుడు అర్థమైంది.

"ఏదీ చూపించదు పెదనాయనా. ఎంతమంది చూసినారో చెప్తాయి. ఎవురు చూసినారో చెప్పవు."

"మా ఇంటామె మాదిరి" అన్నాడు పిచ్చయ్య కిటికీ దగ్గర నుంచి. "ఎవురో వచ్చిపోయినారంటాది. ఎవురే అంటే నాకేం తెలుసు అంటాది. దానికి నెలనెలా డబ్బు కట్టే పని మాత్రం లేదు."

ఎవరూ నవ్వలేదు. పిచ్చయ్య కూడా నవ్వించాలని అనలేదు. ఆయన మంద ఇప్పుడు చేజర్ల వైపు ఉంది. మూడు రాత్రులుగా ఆయన కొడుకులిద్దరూ వంతులేసుకుని మేలుకుంటున్నారు.

"పోయిన నెల నువ్వే అన్నావే" రామనారాయణ గుర్తు చేసుకున్నాడు. "పేజీలో మనం పెట్టిన కాయితం ఎవురన్నా ఇంకోచోటికి పంపితే మూడోది పంపినోళ్ల పేరు చూపిస్తాదని?"

"అందరికీ కనపడేట్టు పంపితేనే చూపిస్తాది."

"చూసినావా?"

"లేదు. ఫోన్లో అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడతాయి. కంప్యూటర్‌లో చూడాల."

అందరూ తువ్వాలు కప్పిన కంప్యూటర్‌వైపు చూశారు.

"స్టేషన్లో కూడా అదే అడిగినారు" అన్నాడు శ్రీకృష్ణ. "కాయితం ఎవురు చూసినారో రుజువుంటే తెమ్మన్నారు."

"పోలీసోళ్ల సంగతి తర్వాత" అన్నాడు పిచ్చయ్య. "మన కట్టుబాటు సంగతి మాట్లాడండి. అందరూ దానికోసమే వచ్చి, ఇంకేందో మాట్లాడతా ఉండారు."

కింద కొట్టులో ఎవరో బస్తా దించిన చప్పుడు వినిపించింది.

ఆ కట్టుబాటు సంఘం కంటే పాతది. ఒక కాపరి మంద పోతే, తక్కిన ఇళ్లన్నీ ఇంటికొక ఆడగొర్రె ఇస్తాయి. రోగమొచ్చి పోయినా, వాగులో కొట్టుకుపోయినా, దొంగలు తోలుకుపోయినా ఇస్తాయి. ఒక్క సందర్భంలో మాత్రం ఇవ్వరు. మంద జాడ కాపరే బయటివాళ్లకు చెప్పుకుని ఉంటే ఇవ్వరు. దారిలో ఎవరైనా రేపు మంద ఎక్కడ అని అడిగితే కాపరి వేరే ఊరి పేరు చెబుతాడు. అది అబద్ధం కింద లెక్క కాదు. పిల్లలకు మాటలతోపాటు నేర్పించే సంగతి అది.

"మునెయ్య నిద్దరపోయినాడు" అన్నాడు పిచ్చయ్య.

"నిద్దర తప్పుగాదు" అన్నాడు రామనారాయణ. "మనిషికి నిద్దర రాకుండా ఉండాదా? కుక్కకు మందు పెట్టినారు. జాడ చెప్పిందెవురు అనేదే మాట. జాడ చెప్పింది సంఘం. ఆ కాయితం సంఘానిది. మనం ఇంటికొకటి ఇయ్యాల."

"సంఘమంటే మేం పెట్టమన్నామా, చేనుతో సహా?"

"పెట్టమన్నాం పిచ్చయ్యా. లొకేషన్ కావాలని అడిగింది నువ్వే. మీ కోడలు అన్నం తీసుకుపోతా దారి తప్పిందని."

పిచ్చయ్య కండువా భుజం మార్చుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఇస్తా. నలభై ఒక్క ఇళ్లలో నాదీ ఒక ఇల్లు. ఇయ్యనని అనలా. కానీ ఇచ్చేముందు తేలాల. ఆ కాయితం చూసే వచ్చినారా, ఇంకెట్టన్నా తెలిసిందా? తేలకుండా ఇస్తే రేపు ప్రతి ఒక్కడూ సంఘం మీద తోస్తాడు."

"అదీ నిజమే" అన్నారు ఇద్దరు ముగ్గురు.

రామనారాయణ సుకన్యవైపు తిరిగాడు. "ఆత్మకూరు పొయ్యి ఆ మూడోది చూసిరా తల్లీ. రేపు పొద్దున తేలుద్దాం."

మెట్లు దిగుతున్నప్పుడు పిచ్చయ్య వెనక నుంచి పిలిచాడు.

"అమ్మే, మీ నాయన ఏమన్నా తిన్నాడా?"

"రాత్రి రెండు ముద్దలు."

"అంతే తింటాడులే. నా మంద పోయినప్పుడు నేను అది కూడా తిన్లేదు" అని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

* * *

ఆత్మకూరులో బస్సు దిగేసరికి మూడు కావస్తోంది. ఎండకు రోడ్డు మీద మనుషులు లేరు. యేసురత్నం మాస్టారి కంప్యూటర్ సెంటర్‌లో ఫ్యాను తిరుగుతోంది. మిషన్ స్కూల్లో రిటైరయ్యాక ఆయన పెట్టుకున్న కొట్టు అది. డిగ్రీ చదివే రోజుల్లో సుకన్య అక్కడే టైపు నేర్చుకుంది.

"రామ్మా" అన్నాడాయన. సంగతి తెలిసినట్టుంది. గోడ పక్క కంప్యూటర్ ముందు కుర్చీ జరిపాడు. దారిన పోయేవాళ్లకు కనపడకుండా తెరను కొంచెం లోపలికి తిప్పాడు. "నీళ్లు ఆ బాటిల్లో ఉన్నాయి. చల్లగా లేవు, సారీ."

సుకన్య మెయిలు, పాస్‌వర్డు కొట్టింది. తెర నిండా గీతలు, రంగుల చుక్కలు వచ్చాయి. సంఘం పేరు ఇంగ్లీషులో చూసుకుంటే ఇప్పటికీ ఆమెకు కొంచెం గర్వంగానే ఉంటుంది. ఆ గర్వానికి వెంటనే సిగ్గుపడింది.

ఆదివారం పోస్టు. పైన నాయన ఫోటో. ఉగాది ముందు తనే తీసింది. పెద్ద పొట్టేలు మెడ మీద చెయ్యేసి, ఎండకు ఒక కన్ను మూసి, నవ్వుతున్నాడు. నాయన నవ్వుతున్న ఫోటో ఇంట్లో ఇంకొకటి లేదు.

కింద గీత. ఎనిమిదికి మొదలై, నలభై నిమిషాలపాటు నేలను అంటుకునే నడిచింది. అప్పటికి చూసినవాళ్లు రెండు వందల పన్నెండు మంది. రోజూ చూసే రైతులే. ఎనిమిదీ నలభై ఒకటికి గీత నిలువునా లేచింది. తెల్లారేసరికి ఆరువేలు.

ఆమె ఆ లేచిన చోట నొక్కింది. ఒకే ఒక్క వరస వచ్చింది.

ఒకరు పంచుకున్నారు. పంచుకున్న గ్రూపు: పొట్టేళ్ల బేరాలు. సభ్యులు నలభైవేలపైన. పంచుకున్నవారి పేరు పక్కన చిన్న గుండ్రటి బొమ్మలో ఒక పొట్టేలు తల.

ఆ బొమ్మను సుకన్య గుర్తుపట్టింది. నాయనకు ఫోన్ ఇచ్చిన రోజు దాన్ని అక్కడ పెట్టింది తనే. నా మొగం ఎందుకులే, దాని మొగం పెట్టు అన్నాడు మునెయ్య.

పేరు చదవాల్సిన పని లేకపోయింది. అయినా చదివింది.

కింద గ్రూపులో వచ్చిన మాటలు కూడా కనపడుతున్నాయి. ఎవరో బాగున్నాయన్నా అని రాశారు. ఇంకెవరో, ముఖం లేని బొమ్మవాడు, ఎన్ని అన్నా అని అడిగాడు.

దాని కింద జవాబు. 48. పక్కన దండం పెట్టే చేతుల గుర్తు, మూడుసార్లు.

మునెయ్య అయిదో తరగతి చదివాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివి, వేలితో ఆ రెండు అంకెలూ వెతుక్కుని కొట్టి ఉంటాడు. దానికి ఎంతసేపు పట్టి ఉంటుందో సుకన్యకు తెలుసు. చేలో, మంచం మీద కూర్చుని, మంద చుట్టూ పడుకుని ఉండగా.

దారిలో ఎవరడిగినా నాయన ఒక్కసారి కూడా నిజం ఊరు చెప్పలేదు. అరవై ఏళ్లలో ఒక్కసారి కూడా. ఫోన్లో అడిగింది మనిషేనని ఆయనకు తోచి ఉండదు.

"ప్రింటు తియ్యాలా అమ్మా?" అన్నాడు యేసురత్నం తన బల్ల దగ్గర నుంచే.

"వద్దు సార్."

ఆమె గొంతు విని ఆయన లేచాడు. దగ్గరికి రాలేదు. మూలనున్న టేబుల్ ఫ్యాను తెచ్చి ఆమెవైపు పెట్టి, వైరు తగిలించి, బయట గుమ్మం మీద కుర్చీ వేసుకుని రోడ్డువైపు చూస్తూ కూర్చున్నాడు. ఇద్దరు పిల్లలు రికార్డు షీట్లకోసం వస్తే అరగంట ఆగి రమ్మని పంపేశాడు.

తెర పైభాగంలో ఎర్రటి పట్టీ మెరుస్తోంది. మీ ట్రయల్ రేపటితో ముగుస్తుంది. లెక్కలు ఉంచుకోవాలా, వదిలేయాలా?

ఫోన్ మోగింది.

"చూసినావా తల్లీ?" రామనారాయణ.

"చూసినా పెదనాయనా."

"ఏమన్నా ఉండాదా?"

సుకన్య తెరమీద పొట్టేలు బొమ్మను చూసింది. నలభై ఒక్క ఇళ్లు. నలభై ఒక్క ఆడగొర్రెలు. శ్రావణానికి పిల్లలు పెడతాయి. రెండేళ్లకు నాయన మళ్లీ మంద వెనక నడుస్తాడు. ఈ వరస బయటికి వస్తే ఒక్కటి కూడా రాదు. పేరు కూడా పోతుంది.

"ఏం లేదు" అంది. "అంకెలే. ఇది కూడా మొదటిదాని మాదిరే. దీనికి డబ్బు కట్టే పని లేదు పెదనాయనా. ఊరికే వచ్చేది చాలు మనకు."

"అట్టనా. అంటే మన కాయితం చూసే వచ్చినట్టేనా?"

"నేను పెట్టిన కాయితమే. తప్పు నాదే. రేపు అందరి ముందరా చెప్తా. ఈ పని ఇంకెవురికన్నా అప్పజెప్పండి."

"అది రేపు మాట్లాడుకుందాంలే. జాగ్రత్తగా రా."

ఆమె డబ్బు ఇవ్వబోతే యేసురత్నం తీసుకోలేదు. "కరెంటు నాదేం కాదులేమ్మా" అన్నాడు. అందులో అర్థం లేదని ఇద్దరికీ తెలుసు.

* * *

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. దేవకమ్మ గొర్రెపిల్లలకు సీసాతో పాలు పడుతోంది. ఒకటి తాగుతోంది. రెండోది నోరు తిప్పేసుకుంటోంది.

"తాగవే, తాగు" అంటోంది దేవకమ్మ. కూతుర్ని చూసి ఆగింది. ముఖం చూశాక సీసా మళ్లీ పిల్ల నోట్లో పెట్టింది.

శ్రీకృష్ణ అడిగాడు. "ఏమైంది?"

"ఏం లేదు. అంకెలే."

"మూడోదాంట్లో కూడానా?"

"మూడోదాంట్లో కూడా."

"సరిగ్గా చూసినావా?"

"డిగ్రీ చదివింది నేను. నువ్వు నాకు చెప్తావా చూడ్డం?"

"డిగ్రీ చదివే గదా లొకేషన్ పెట్టినావు!"

"అవునురా, పెట్టినా! తప్పు నాదేనని పెదనాయనకు చెప్పేసినా. రేపు అందరి ముందరా చెప్తా. చాలా? నీ కడుపు చల్లబడిందా?"

శ్రీకృష్ణ నిలబడిపోయాడు. ఆమె గట్టిగా అరిస్తే ఎదురు అరవడం అతనికి చేతనవును. ఒప్పుకుంటే ఏం చెయ్యాలో తెలియలేదు. ఆటో తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎందుకు ఒప్పుకున్నావు?" అన్నాడు చివరికి. "తేలకుండానే ఎందుకు ఒప్పుకుంటావు?"

"పొద్దున్నించీ నువ్వు అంటా ఉండేది అదే గదా."

"ఇంట్లో నేనంటా! నేను ఇంట్లో అంటా. బయట పిచ్చయ్య అంటే ఊరుకుంటానా? నువ్వు బస్సెక్కినాక ఆడ ఒకడన్నాడు. ఆడపిల్ల చేతికి పని ఇస్తే ఇంతేనని. నేను మాట్లాడలా. సాయంత్రం ఆ మూడోదానికి డబ్బు కట్టేసినా."

"ఏంది?"

"మూడోదానికి. ఏడాదికి. మెయిలు, పాస్‌వర్డు ఆఫీసు గోడమీద నువ్వే రాసిపెట్టినావు గదా. ఫోన్లోనే కట్టేసినా. రామనారాయణ పెదనాయనకు కూడా చెప్పినా. రేపు పొద్దున నా ఆటోలో అందరం ఆత్మకూరు పోతాండాం, పిచ్చయ్యతో సహా. వాళ్ల కళ్లతో వాళ్లు చూడాల. నీకు కనపడకపోతే ఆ మాస్టారు చూపిస్తాడు. ఎవుడో ఒకడి పేరు దాంట్లో ఉంటాది."

సుకన్య స్తంభానికి ఆనుకుంది.

"వద్దురా" అంది.

"ఎందుకొద్దు?"

అతను ఆమె ముఖంలోకి చూసి, అది అలసట అనుకున్నాడు. "అన్నం తిను" అని తిట్టినంత విసురుగా అనేసి, బండి కడగడానికి పెరట్లోకి వెళ్లాడు.

సుకన్య గోడ పక్కన కూర్చుని ఫోన్ తీసింది. పేజీని ఆ సాఫ్ట్‌వేర్ నుంచి విడదీసే గుర్తు ఒకటుంది. దాన్ని నొక్కితే లెక్కలన్నీ పోతాయి, డబ్బు కట్టినా సరే. రేపు తెర ఖాళీగా వస్తుంది. ఎవరు తీసేశారని అడుగుతారు. తీసేసింది తనేనని ఆ సాఫ్ట్‌వేరే చెబుతుంది, పేరుతో, టైముతో. అప్పుడు ఆడపిల్ల దొంగలతో కలిసిందని కూడా అంటారు.

అననీ అనుకుంది. వేలు ఆ గుర్తు మీద ఆగింది.

"అమ్మాయ్."

మునెయ్య మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. మూడు రోజుల తర్వాత గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. గొంతు ఎండిపోయి ఉంది.

"నాయనా. నీళ్లు తేనా?"

"వద్దు. ఇట్టా రా."

ఆమె వెళ్లి మంచం కోడు పక్కన నేలమీద కూర్చుంది.

"శ్రీకృష్ణ ఏందో కట్టినాడంటనే. పేరు చూపించేదానికి."

"అదేం చూపించదు నాయనా. అంకెలే."

మునెయ్య తల ఊపాడు. కాసేపు పెరట్లో నీళ్ల చప్పుడు విన్నాడు. దేవకమ్మ రెండో పిల్లను ఒళ్లోకి తీసుకుని వేలితో దాని నోరు తెరుస్తోంది.

"వేరేచోటికి పంపినోళ్ల పేరు చూపిస్తాదా?"

సుకన్య తలెత్తింది. ఆయన ఆమెను చూడటం లేదు. తన బొటనవేలిని చూసుకుంటున్నాడు.

మధ్యాహ్నం నుంచీ ఎంతమందితో ఎంత తేలిగ్గా అబద్ధం చెప్పిందో, ఇప్పుడు అంత తేలిగ్గా నోరు రాలేదు.

"చూపిస్తాది నాయనా" అంది.

ఆయన ముఖంలో ఏమీ మారలేదు. తెలిసినదాన్నే మళ్లీ విన్నవాడిలా ఉన్నాడు.

"ఫోటో బాగుండిందమ్మా" అన్నాడు. "నువ్వు తీసింది. నలుగురూ చూస్తారని పంపినా."

పెరట్లో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. తలుపుకు అవతల, తడి కాళ్లతో వస్తున్న శ్రీకృష్ణ అడుగు సగంలో నిలిచిపోయింది.